బి సెక్షన్‌కి లెక్కల సార్ ఎప్పుడొస్తారు?

హాస్టల్లో ఎవరైనా కొత్తగా పరిచయమైతే మొదటి ప్రశ్న ఊరు, రెండోది ర్యాంకు, మూడోది "టెన్త్ ఎక్కడ?" నేను "మా ఊరి జడ్పీ హైస్కూల్" అంటా. వెంటనే ఎదుటివాళ్ల మొహం మారుతుంది. "గవర్నమెంట్ స్కూల్లో చదివి ఇక్కడిదాకా వచ్చావా, గ్రేట్ మామా" అంటారు. మూడున్నరేళ్లుగా ఆ మెచ్చుకోలు తీసుకుంటూనే ఉన్నా. ఫైనల్ ఇయర్ కదా, వెళ్లేలోపు ఏదైనా రాసివ్వమని క్లబ్ వాళ్లు అడిగారు. ఆ మెచ్చుకోలులో ఒక అబద్ధం ఉంది, దాని గురించే రాద్దామనిపించింది.

నేను మా ఊరి హైస్కూల్ ఎ సెక్షన్‌లో చదివా. పక్కనే బి సెక్షన్ ఉండేది. ఇద్దరిదీ ఒకే గేటు, ఒకే ప్రేయర్, ఒకే మధ్యాహ్న భోజనం. కానీ ఐదేళ్ల పాటు ఆ రెండు గదుల్లో జరిగింది ఒకే చదువు కాదు.

సర్కారు బడి అనగానే మనం ప్రైవేటుతో పోలుస్తాం. ఫీజులు, బెంచీలు, ఇంగ్లిష్. ఆ చర్చ ఎప్పుడూ ఉండేదే, దానిమీద వ్యాసరచన పోటీలు కూడా పెడతారు. ఒకే బడిలో, ఒకే హెడ్మాస్టర్ కింద, ఒక గదికీ ఇంకో గదికీ మధ్య ఉండే తేడా మీద మాత్రం ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే ఆ బడి నుంచి బయటికొచ్చి మాట్లాడగలిగే స్థితిలో ఉండేది ఎక్కువగా నాలాంటి ఎ సెక్షన్ వాళ్లే. మాకు ఫిర్యాదు ఏముంటుంది?

మాది ప్రకాశం జిల్లా. ఊరి చుట్టూ పొగాకు, కొంచెం దూరంలో గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు. 2014 జూన్‌లో నేను ఆరో తరగతిలో చేరా. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో సక్సెస్ స్కూల్స్ అని ఒక పథకం మొదలైంది. దాని కింద వేల హైస్కూళ్లలో తెలుగు మీడియం పక్కనే ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం సెక్షన్ పెట్టారు. ఆలోచన మంచిదే. ఫీజు కట్టలేని వాళ్ల పిల్లలకి కూడా ఇంగ్లిష్ మీడియం దొరకాలని. కాకపోతే మా బడిలో కొత్త సెక్షన్ వచ్చింది గానీ, దానికోసం కొత్త టీచర్లు రాలేదు. ఉన్న వాళ్లనే రెండు గదులకి పంచాలి. పంచడం అంటే ఎవరో ఒకరికి తక్కువ పడుతుంది కదా.

చేరిన వారంలోనే మాకు ఒక చిన్న పరీక్ష పెట్టారు. కూడికలు, భాగహారం, నాలుగు ఇంగ్లిష్ మాటలు. నాకూ మా వీధిలో ఉండే నా ఫ్రెండ్‌కీ మార్కులు దాదాపు సమానం. నిజం చెప్పాలంటే వాడికే రెండు ఎక్కువ. ఇంగ్లిష్ మీడియంకి ఒప్పుకుంటూ ఇంట్లో పెద్దవాళ్లు వచ్చి సంతకం పెట్టాలన్నారు. మా నాన్న బంకు మూసి వచ్చి పెట్టాడు. వాళ్ల అమ్మానాన్నలు అప్పటికింకా ఇటుక బట్టీల నుంచి రాలేదు. ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. ఆమెకి ఆ కాగితం ఏంటో తెలీదు, బడికి రాలేదు. వాడు బి లో పడ్డాడు. వాడి పేరు రాస్తానని అడిగితే "నా పేరెందుకురా, ఊళ్లో మళ్లీ అదో కథ" అన్నాడు. అందుకే రాయట్లేదు.

అసలు తేడా మీడియంలో ఉందనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే తేడా మొత్తం స్టాఫ్ రూమ్ గోడకి అంటించిన టైమ్‌టేబుల్‌లో ఉంది.

మా లెక్కల సార్ బంగారం. సుద్దముక్క పట్టుకుంటే పుస్తకం తెరిచేవారు కాదు. ఆయన మాకు రోజూ ఫస్ట్ పీరియడ్. బి సెక్షన్‌కి లెక్కలు భోజనం తర్వాత, ఆరో పీరియడో ఏడో పీరియడో. లెక్క ప్రకారం వాళ్లకీ ఆయనే సార్. కానీ మండల మీటింగ్ అన్నా, ట్రైనింగ్ అన్నా, ఎన్నికల డ్యూటీ అన్నా, ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన లెక్కలన్నా అన్నీ మధ్యాహ్నమే పడేవి. పొద్దున పీరియడ్ ఎప్పుడూ పోదు, మధ్యాహ్నం పీరియడ్ ఎప్పుడూ నిలవదు. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఐదేళ్లు రోజూ అలా జరిగితే ఎన్ని పీరియడ్లు పోయుంటాయో మీరే లెక్కేసుకోండి.

తొమ్మిదిలో ఉండగా ఫిజికల్ సైన్స్ సార్ బదిలీ మీద వెళ్లిపోయారు. ఏడాదిన్నర ఆ పోస్టు ఖాళీ. పక్క ఊరి నుంచి వారానికి మూడు రోజులు ఒక సార్‌ని సర్దారు. ఆ మూడు రోజులూ ఎవరికి? మాకే. బి సెక్షన్‌కి ఆ పీరియడ్‌లో పీఈటీ సార్ వచ్చి, నోట్సు చూసి రాసుకోమనేవారు. ఆ నోట్సు మా దగ్గర నుంచే వెళ్లేది. నా నోట్సు పట్టుకెళ్లి వాళ్లు కాపీ చేసుకోవడం నాకు అప్పట్లో గొప్పగా ఉండేది. నేను తప్పు రాసుకున్న ఫార్ములా వాళ్ల నలభై ఏడు పుస్తకాల్లోకీ వెళ్లిందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష ఉంటుంది, మీలో కొందరు రాసుంటారు. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నెలకి వెయ్యి చొప్పున ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్. పేద పిల్లలు మధ్యలో బడి మానకూడదని పెట్టిన పథకం అది. మా బడిలో ఆ ఫారాలు ఎ సెక్షన్‌కి ఇచ్చారు. బి లో ఎవరికి ఇష్టమైతే వాళ్లు వచ్చి తీసుకోవచ్చన్నారు. ఎవరూ రాలేదు. అదేంటో వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. బడి మానేసే ప్రమాదం ఏ గదిలో ఎక్కువుందో ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. పొగాకు బ్యారన్లు రాజుకునే సీజన్‌లో ఖాళీ అయ్యే బెంచీలన్నీ ఆ గదివే.

ఇక పదో తరగతి. వంద రోజుల ప్రణాళిక, పొద్దున స్పెషల్ క్లాసులు, రాత్రి స్టడీ అవర్స్. మాకు 10/10 కోసం కోచింగ్. అప్పట్లో ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి గ్రేడ్ పాయింట్ల మీదే, అందులోనూ గవర్నమెంట్ స్కూల్ పిల్లలకి అదనంగా 0.4 కలిపేవారు. అందుకని ఎవరికి పది వచ్చే ఛాన్సుందో వాళ్ల మీదే బడి మొత్తం దృష్టి. బి సెక్షన్‌కి ఇచ్చింది "ఇవి వస్తే పాస్" అనే ఇరవై ప్రశ్నల జిరాక్స్.

2019 ఫలితాలు వచ్చినప్పుడు బడి గేటుకి ఫ్లెక్సీ కట్టారు. 89 శాతం ఉత్తీర్ణత, ముగ్గురికి 10/10. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ 89ని విడదీస్తే ఇలా ఉంటుంది. ఎ సెక్షన్‌లో 38 మందికి 38 పాస్. బి సెక్షన్‌లో 47 మందిలో తొమ్మిది మంది ఫెయిల్. ఆ తొమ్మిదిలో ఆరుగురు లెక్కల్లోనే. మనం స్టాటిస్టిక్స్‌లో మొదటి యూనిట్‌లోనే చదువుకున్నాం, సగటు ఒక్కటే చెప్తే డేటా గురించి ఏమీ చెప్పనట్టే అని. స్ప్రెడ్ కూడా చెప్పాలి. బడి ఫలితాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫ్లెక్సీ మీద ఒక్క సగటే వేస్తాం, పేపర్‌లో అదే వస్తుంది, పై ఆఫీసుకి అదే పోతుంది.

ఆ ఆరుగురిలో నా ఫ్రెండ్ ఒకడు. నాలుగు మార్కుల్లో పోయింది. జూన్‌లో సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు. ఆ ఖాళీలో ఒక నెల చేద్దామని గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కి వెళ్లాడు. ఆ నెల ఇంకా అయిపోలేదు, ఆరేళ్లవుతోంది. ఇప్పుడు మెషిన్ ఆపరేటర్. స్లాబ్ పొడవు, వెడల్పు అడుగులు అంగుళాల్లో చెప్తే చదరపు అడుగులు నోటితోనే కట్టేస్తాడు. మొన్న నేను ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ తెరిచేలోపు చెప్పేశాడు. వీడికి లెక్కలు రావని ఒక మార్కుల లిస్టు తేల్చేసింది.

ఇప్పుడు అవతలి వైపు వాదన కూడా వినాలి. నేను మా పాత హెడ్మాస్టర్ గారితోనే మాట్లాడా. ఆయన దాచలేదు. "బాబూ, నాకున్నది ఒకే ఒక్క మంచి లెక్కల మాస్టారు. అందరికీ సమానంగా పంచితే ఎవరికీ సరిపోడు. ముగ్గురికైనా పదికి పది రాకపోతే ఊళ్లో వాళ్లు పిల్లల్ని ప్రైవేటు బస్సు ఎక్కిస్తారు. పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి. పోస్టులు తగ్గితే మీ బి సెక్షన్‌కి ఆ పీఈటీ సార్ కూడా ఉండడు" అన్నారు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆయన చెడ్డవారు కాదు. మునిగే పడవలో ఎవరిని ముందు ఒడ్డుకి చేర్చాలో లెక్కేసుకునే మనిషి. ఆయన్ని అడిగేవాళ్లు అడిగేది కూడా రెండే అంకెలు, ఎంత శాతం, ఎన్ని పదులు. ఏది కొలుస్తారో దాని కోసమే ఎవరైనా పనిచేస్తారు. మనం సీజీపీఏ కోసం చదివినట్టే.

రెండో వాదన ఇంకొంచెం గట్టిది. బాగా వచ్చేవాళ్లనీ రానివాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెడితే ఇద్దరికీ నష్టమే కదా, విడదీయడంలో తప్పేముంది అని. ఇది కొట్టిపారేసే మాట కాదు. 2019లో అభిజిత్ బెనర్జీతో పాటు నోబెల్ తీసుకున్న ఎస్తేర్ దుఫ్లో, మైఖేల్ క్రెమర్, వాళ్లతో పాటు పాస్కలీన్ దుపా కలిసి కెన్యాలో 121 ప్రాథమిక బడుల్లో ఇదే పరీక్షించి చూశారు. కొన్ని బడుల్లో ఒకటో తరగతిని మార్కుల ప్రకారం రెండు సెక్షన్లు చేశారు, కొన్నింట్లో ఎలా పడితే అలా కలిపారు. మార్కుల ప్రకారం విడదీసిన చోట పైవాళ్లూ బాగుపడ్డారు, కిందివాళ్లూ బాగుపడ్డారు. ఇది చదివినప్పుడు నా వాదన ఓడిపోయిందనే అనుకున్నా.

తర్వాత వివరాలు చూశా. అక్కడ క్లాసుని రెండుగా చేయడానికి ఒక టీచర్‌ని అదనంగా ఇచ్చారు. ఏ టీచర్ ఏ సెక్షన్‌కి వెళ్లాలో చీటీలు వేసినట్టు నిర్ణయించారు. మంచి టీచర్ పై సెక్షన్‌కే అనే రూల్ లేదు. కింది సెక్షన్ టీచర్ ఆ పిల్లలు ఎక్కడున్నారో అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పగలిగారు. మన దగ్గర ప్రథమ్ సంస్థ చాలా ఏళ్లుగా చేస్తున్నది కూడా దాదాపు ఇదే. వయసుని కాకుండా స్థాయిని చూసి గుంపులు చేసి, చదవడం రాని పిల్లకి చదవడం నేర్పడం. 2018లో ఆ సంస్థ వేసిన అసర్ సర్వేలో దేశంలోని పల్లెటూళ్లలో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సుమారు 44 శాతమే. సగానికి పైగా పిల్లలకి భాగహారమే రాదంటే, వాళ్లతో పదో తరగతి త్రికోణమితి నోట్సు కాపీ చేయించి ఏం లాభం?

కాబట్టి నా వాదన ఇక్కడికి వచ్చి ఆగింది. సెక్షన్లు పెట్టండి, స్థాయిని బట్టి విడదీయండి, నాకు అభ్యంతరం లేదు. కానీ విడదీసేది పిల్లలకి సరిపడేలా చెప్పడానికి అయితే, మంచి సార్ అవసరం ఎక్కువున్నది కింది గదికే. మా బడిలో జరిగింది రివర్స్. విడదీసింది ఎవరి మీద ఖర్చు పెట్టాలి, ఎవరిని వదిలేయాలి అని తేల్చుకోవడానికి. మా ఊళ్లో పొగాకుని గ్రేడింగ్ చేస్తారు. మేలు ఆకు ఒక చెక్కు, నాసి ఆకు ఒక చెక్కు. ఆకు కోసి, కాల్చి, అంతా అయిపోయాక చేస్తారు ఆ పని. మమ్మల్ని పదకొండేళ్లకే, నారుమడిలోనే గ్రేడ్ చేసేశారు.

మరి టీచర్లు లేకుండా ఏం చేయాలి అంటారు. పోస్టులు భర్తీ చేయాల్సింది ప్రభుత్వమే, దానికి ప్రత్యామ్నాయం లేదు. ఈలోపు రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగినవి మూడు ఉన్నాయని నాకనిపిస్తోంది.

ఒకటి, టైమ్‌టేబుల్ తిప్పడం. ఒక నెల ఎ సెక్షన్‌కి ఫస్ట్ పీరియడ్ లెక్కలు, ఇంకో నెల బి సెక్షన్‌కి. పోయే పీరియడ్లు ఎలాగూ పోతాయి, కనీసం ఇద్దరికీ సమానంగా పోతాయి.

రెండు, ఫలితాలు సెక్షన్ వారీగా నోటీసు బోర్డు మీద పెట్టడం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి తగినంత చోటు ఉండాలి. ఆ మీటింగ్‌లో "ఈ నెల బి సెక్షన్‌కి లెక్కల పీరియడ్లు ఎన్ని జరిగాయి" అని ఒక్క అమ్మ అడిగితే చాలు. అంకె లేనప్పుడు ఎవరూ అడగలేరు. అంకె కనబడితే తప్పకుండా అడుగుతారు.

మూడు, ఆరో తరగతి జూన్‌లో పడ్డ సెక్షన్ పదో తరగతి మార్చి దాకా తలరాత కాకూడదు. ప్రతి ఏడాదీ మళ్లీ చూడాలి, పైకీ కిందికీ దారి తెరిచి ఉండాలి. ఇంకా మంచిది, బడికి పేరు తెచ్చేది పదులు ఎన్ని అని కాకుండా పిల్లలు మొత్తంగా ఎంత మెరుగయ్యారని చూస్తే. 2005 ప్రాంతంలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు కొన్ని వందల ప్రాథమిక బడుల్లో అలా చేసి చూశారు. టాపర్లని బట్టి కాకుండా పిల్లల సగటు మెరుగుదలని బట్టి టీచర్లకి బోనస్ ఇచ్చారు. మార్కులు పెరిగాయి. కొలిచే పద్ధతి మారితే పని మారుతుందని మన గడ్డమీదే తేలిన విషయం అది.

ఇదంతా ఎక్కడో పల్లెటూరి గొడవ అనుకోకండి. మన కాలేజీలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ బ్యాచ్‌లు ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి. మంచి ట్రైనర్ ఏ బ్యాచ్‌కి వెళ్తాడు? బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ల బ్యాచ్‌కి వీడియోలు వేసి ఎవరు వదిలేస్తారు? చివర్లో బ్రోషర్ మీద వేసేది "హయ్యెస్ట్ ప్యాకేజ్". మనం ఆ బ్యాచ్‌లో లేనంత కాలం అది మనకి న్యాయంగానే కనిపిస్తుంది. నాకు పదో తరగతి దాకా కనిపించినట్టు.

డిసెంబర్‌లో సెమిస్టర్ సెలవులకి ఊరికెళ్లినప్పుడు, నాకు ప్లేస్‌మెంట్ వచ్చిందని తెలిసి బడికి పిలిచారు. "పిల్లలకి నాలుగు మాటలు చెప్పు నాయనా, టెన్త్ ఎ సెక్షన్‌ని కూర్చోబెడతాం" అన్నారు ఒక మేడం. బి సెక్షన్‌కి కూడా వెళ్తానని అడిగా. "వాళ్లకేం అర్థమవుతుందిలే" అన్నారు గానీ, వెళ్లొద్దనలేదు.

అదే గది. అదే కిటికీ, పైన పెంకు పగిలిన చోట అదే రేకు. ముప్పైమంది దాకా ఉన్నారు. నేను జావా, ప్యాకేజ్, ఇంటర్వ్యూ అని ఏదో చెప్పా. ఎవరికైనా డౌట్లున్నాయా అంటే ఎవరూ మాట్లాడలేదు. వచ్చేస్తుంటే వెనక బెంచీలో ఒక పాప లేచింది.

"అన్నా, నువ్వు సార్‌తో మాట్లాడతావంట గదా. మా క్లాసుకి లెక్కల సార్ ఎప్పుడొస్తారో అడుగుతావా?"

అడిగా. వచ్చే నెల నుంచి టైమ్‌టేబుల్ చూద్దామన్నారు. నేను ప్రతి వారం ఫోన్ చేసి కనుక్కుంటున్నా. రెండు వారాలు పొద్దున పీరియడ్ ఇచ్చారట, తర్వాత మళ్లీ మధ్యాహ్నానికి మారిందట. మళ్లీ చేశా, మళ్లీ చేస్తా. విసుక్కుంటారని తెలుసు.

మీలో సర్కారు బడి నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ బడికి వెళ్లండి. పూర్వ విద్యార్థులుగా ప్రొజెక్టరో, ప్రింటరో ఇద్దామనుకుంటే ఇవ్వండి, కానీ ముందు టైమ్‌టేబుల్ చూడండి. ఎ సెక్షన్ ఫస్ట్ పీరియడ్ ఎవరిదో చూసి, ఆ సార్ బి సెక్షన్‌కి ఎప్పుడు వెళ్తారో అడగండి. మనం వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు, టీ ఇస్తారు. ఆ కుర్చీలో కూర్చుని ఆ ఒక్క మాట అడిగితే చాలు.